బడిలో ఏడిపింపులు: తప్పు పిల్లాడిదా, బడిదా?

ఇంగ్లీషులో 'బుల్లీయింగ్' అనే మాటకి తెలుగులో సరైన పదం ఏమిటని ఈమధ్య మిత్రుల మధ్య చర్చ వచ్చింది. ఒకాయన 'వేధింపు' అన్నాడు. ఇంకొకాయన 'ర్యాగింగ్' అన్నాడు (అదీ తెలుగు కాదనుకోండి). వేధింపు అంటే పేపర్లో వరకట్నం వార్త గుర్తొస్తుంది, ర్యాగింగ్ అంటే కాలేజీ గుర్తొస్తుంది. ఏడో క్లాసు పిల్లాడు ఇంటికొచ్చి చెప్పే మాట మాత్రం ఒకటే: "అమ్మా, వాడు నన్ను ఏడిపిస్తున్నాడే". చిక్కేమిటంటే, మేనమామ మేనకోడల్ని ఆటపట్టించినా అదే మాట, బావ మరదల్ని ఉడికించినా అదే మాట, సినిమాలో హీరో హీరోయిన్ వెంటపడినా అదే మాట. అందుకే వాళ్ళమ్మ కూడా "పోనీలేరా, సరదాకి అనుంటాడు" అనేస్తుంది. నాన్నయితే "నువ్వూ రెండు తగిలించు" అంటాడు. అంతటితో ఆ ఫైలు క్లోజ్.

పేరు లేకపోవడం చిన్న విషయమేం కాదు. పేరు లేని బగ్‌ని ఎవరూ లాగ్ చెయ్యరు, లాగ్ చెయ్యనిదాన్ని ఎవరూ లెక్కపెట్టరు, లెక్కలో లేనిదాన్ని ఎవరూ ఫిక్స్ చెయ్యరు. ఈ సంగతికి ఓ పేరు పెట్టి, లెక్కపెట్టి, తగ్గించి చూపించినవాళ్ళ చరిత్ర ఒకటుంది. మన పిల్లల చదువుల గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ ఈ చరిత్ర మనవాళ్ళలో పెద్దగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. నా వాదన ముందే చెప్పేస్తాను. "చెడ్డ పిల్లాడు, మెతక పిల్లాడు" అని మనం అనుకునే లెక్క సగమే నిజం. మిగతా సగం ఆ చోటుది, చుట్టూ నిలబడి చూసేవాళ్ళది, చూడకుండా తప్పుకునే పెద్దవాళ్ళది. ఆ సగాన్ని మార్చిన చోట ఏడిపింపులు తగ్గాయి.

ముందు ఇంగ్లండు సంగతి

'పబ్లిక్ స్కూల్' అని పేరుండి పబ్లిక్‌కి అందుబాటులో లేని బళ్ళు ఇంగ్లండులో శతాబ్దాలుగా ఉన్నాయి. వించెస్టర్ 1382లో, ఈటన్ 1440లో పెట్టారు. వీటిల్లో 'ఫ్యాగింగ్' అనే పద్ధతి ఉండేది. చిన్న క్లాసు పిల్లాడు పెద్ద క్లాసువాడికి బూట్లు తుడవాలి, టీ కాచాలి, చెప్పిన పని చెయ్యాలి. చెయ్యకపోతే కొట్టే హక్కు పెద్ద క్లాసువాడికి ఉంది. ఇది దొంగచాటు వ్యవహారం కాదు, బడి ఒప్పుకున్న ఏర్పాటు. ఈటన్‌లో లాంగ్ చాంబర్ అనే పెద్ద హాల్లో యాభైమందికి పైగా పిల్లల్ని రాత్రి లోపలపెట్టి తాళం వేసేవారు. తెల్లారేదాకా లోపల పెద్దవాళ్ళెవరూ ఉండరు. ఇక లోపల ఏం జరిగేదో హాస్టల్లో చదివినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి చోట క్రమశిక్షణ ఎలా ఉండేదంటే, 1797లో రగ్బీ స్కూల్లో పిల్లలు హెడ్మాస్టరు తలుపుని మందుగుండుతో పేల్చేశారు. బెంచీలు, పుస్తకాలు తగలబెట్టారు. సైనికులొచ్చి అణచాల్సొచ్చింది. 1825లో ఈటన్‌లో ఇద్దరు కుర్రాళ్ళు పందెం కోళ్ళలాగా దాదాపు రెండు గంటలు కొట్టుకున్నారు. తోటివాళ్ళు చుట్టూ చేరి చూశారు, మధ్యమధ్యలో బ్రాందీ కూడా పట్టారు. ఒకడు చనిపోయాడు. చనిపోయినవాడు షాఫ్ట్స్‌బరీ ప్రభువు కొడుకు, అంటే అనాథ కూడా కాదు. అయినా ఎవరికీ శిక్ష పడలేదు. (తర్వాత ఫ్యాక్టరీల్లో, గనుల్లో పిల్లల కష్టాల గురించి పార్లమెంటులో పోరాడిన షాఫ్ట్స్‌బరీ ఈ కుర్రాడి అన్నగారే.)

ఈ కథలో సంస్కర్త అని పేరు తెచ్చుకున్నాయన థామస్ ఆర్నాల్డ్. 1828 నుంచి 1842 దాకా రగ్బీకి హెడ్మాస్టరు. ఆయన ఫ్యాగింగ్‌ని తీసెయ్యలేదు, సమర్థించాడు. పెద్దవాళ్ళెవరూ పక్కన లేకుండా ఇంతమంది పిల్లలు కలిసి బతికే చోట బలం ఉన్నవాడి రాజ్యం ఎలాగూ తప్పదు, కాబట్టి ఆ అధికారాన్ని పై క్లాసువాళ్ళ చేతికి పద్ధతిగా ఇద్దాం అని ఆయన తర్కం. అదే స్కూల్లో చదివిన థామస్ హ్యూస్ 1857లో 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' నవల రాశాడు. అందులో ఫ్లాష్‌మన్ అనేవాడు చిన్నపిల్లాణ్ణి పొయ్యి మంట ముందు పెట్టి కాల్చడం జనానికి బాగా గుర్తుండిపోయింది. కానీ ఆ తర్వాత కూడా ఫ్యాగింగ్ పోలేదు. పూర్తిగా కనుమరుగవడానికి 20వ శతాబ్దం చివరిదాకా పట్టింది.

ఆర్నాల్డ్ తర్కంలో మొదటి సగం గమనించారా? పెద్దవాళ్ళు పక్కన లేకపోతే బలం ఉన్నవాడి రాజ్యం వస్తుంది అని ఆయనకి బాగా తెలుసు. మరి పెద్దవాళ్ళని పక్కన పెడదాం అనే ఆలోచన మాత్రం రాలేదు. పిల్లల మీద పిల్లల్ని కాపలా పెట్టాడు. మన బళ్ళలో ప్రిఫెక్టులు, హౌసులు, హెడ్ బాయ్ ఈ సంప్రదాయం నుంచి వచ్చినవే. సార్ లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే క్లాస్ లీడర్‌ది కూడా ఇదే వరస. ఆ సుద్దముక్క చేతిలో ఉన్నవాడికి ఉండే పవర్ మీకు తెలియందేం కాదు. పెన్సిల్ ఇస్తే పేరు చెరిపేస్తాడు, ఇవ్వకపోతే పేరు పక్కన ఇంటూ మార్కులు పెరుగుతాయి!

గుడ్లగూబ, కాకులు

ఇక అసలు కథకొద్దాం. 1960ల చివర్లో స్వీడన్‌లో పీటర్ పౌల్ హైనెమన్ అనే డాక్టరుగారు ఉండేవారు. ఆయన దత్తత తీసుకున్న కొడుకు నల్లజాతి పిల్లాడు. వాడికి తోటిపిల్లల దగ్గర ఎదురైన అనుభవాలు చూసి 1969లో ఒక వ్యాసం రాశారు. తను చూసినదానికి 'మాబ్నింగ్' అనే మాట వాడారు. ఆ మాట ఆయన సొంతం కాదు. జంతువుల ప్రవర్తన మీద పరిశోధన చేసిన కోన్రాడ్ లోరెంజ్ పుస్తకం స్వీడిష్ అనువాదంలోది. పగటిపూట గుడ్లగూబ బయటికొస్తే కాకులన్నీ గుంపుగా చేరి అరుస్తూ పొడుస్తూ తరుముతాయి చూడండి, అదీ ఆ మాటకి అర్థం. 1972లో ఆయన దీని మీద పుస్తకం కూడా వేశారు. మాట ఊళ్ళో పడింది. తల్లిదండ్రులు, టీచర్లు, పేపర్లవాళ్ళు అందరూ వాడటం మొదలుపెట్టారు. అంతకుముందు ఏడిపింపులు లేవని కాదు, దానికో పేరు దొరికింది.

పేరు దొరికాక లెక్కపెట్టేవాడు కావాలి. ఆయన పేరు డాన్ ఓల్వేయుస్. స్వీడన్‌లో పుట్టి, నార్వేలోని బెర్గెన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త (1931-2020). 1970 ప్రాంతంలో స్టాక్‌హోమ్ దగ్గర దాదాపు వెయ్యిమంది మగపిల్లల మీద అధ్యయనం మొదలుపెట్టారు. 1973లో స్వీడిష్‌లో, 1978లో ఇంగ్లీషులో పుస్తకాలొచ్చాయి. ఆయన చేసిన మొదటి మంచిపని నిర్వచనం. ఒకటి, అది కావాలని చేసేది. రెండు, మళ్ళీమళ్ళీ జరిగేది. మూడు, ఇద్దరి బలాల్లో తేడా ఉండాలి, అంటే పడేవాడు తనని తాను కాపాడుకోలేని స్థితిలో ఉండాలి. సమఉజ్జీలు ఇద్దరు ఓసారి కొట్టుకుంటే అది గొడవ, ఇది కాదు. "పిల్లలన్నాక కొట్టుకోరా?" అనే మనవాళ్ళ ప్రశ్నకి సమాధానం ఈ మూడో షరతులోనే ఉంది.

అయినా ఇదంతా విద్వాంసుల వ్యవహారంగానే ఉండిపోయేదేమో. 1982 చివర్లో ఉత్తర నార్వేలో 10 నుంచి 14 ఏళ్ళ వయసు మగపిల్లలు ముగ్గురు ఆత్మహత్య చేసుకున్నారు. తోటిపిల్లల ఏడిపింపులే కారణమని అనుకున్నారు. దేశం కదిలిపోయింది. 1983లో నార్వే విద్యాశాఖ దేశమంతటా ఒకటి నుంచి తొమ్మిదో తరగతి దాకా ఉద్యమంలా కార్యక్రమం మొదలుపెట్టింది. 715 బళ్ళలో 1,30,000 మంది పిల్లలు పేరు రాయకుండా ప్రశ్నాపత్రాలు నింపారు. లెక్క తేలింది: దాదాపు 15 శాతం మందికి ఇందులో పాత్ర ఉంది. 9 శాతం పడేవాళ్ళు, 7 శాతం ఏడిపించేవాళ్ళు, కొంతమంది రెండూ.

డేటా చూశాక మన నమ్మకాలు

నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే. అందరం ఖాయంగా అనుకునే కారణాలని ఓల్వేయుస్ ఒక్కొక్కటిగా డేటాతో పోల్చి చూశారు.

1. పెద్ద క్లాసు, పెద్ద బడి అయితే ఎక్కువ అనుకుంటాం. తేడా కనపడలేదు. (అక్కడి పెద్ద క్లాసంటే మన 60 మంది సెక్షన్ కాదు, అది గుర్తుంచుకోవాలి.)

2. పట్నం పిల్లలు పాడైపోయారు, పల్లెటూళ్ళు నయం అనుకుంటాం. ఓస్లో లాంటి నగరాల్లో మిగతాచోట్ల కన్నా ఎక్కువేం లేదు.

3. మార్కులు రానివాడు ఆ కసితో ఏడిపిస్తాడు అనుకుంటాం. 444 మంది పిల్లల్ని ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా గమనిస్తే, మార్కుల వల్ల అలా అవుతారనడానికి ఆధారం దొరకలేదు.

4. లావుగా ఉన్నవాడినో, సోడాబుడ్డి కళ్ళద్దాలవాడినో ఏడిపిస్తారు అనుకుంటాం. పడేవాళ్ళలో ఇలాంటి 'తేడాలు' మిగతా పిల్లల్లో కన్నా ఎక్కువేం లేవు. ఒంట్లో బలం తక్కువ ఉండటం ఒక్కటే లెక్కకి నిలిచింది.

5. బడికి వెళ్ళే దారిలో ఎక్కువ జరుగుతుంది అనుకుంటాం. కాదు, బడిలోనే ఎక్కువ.

మరి దేనితో సంబంధం కనపడింది? ఇంటర్వెల్లో గ్రౌండు మీద ఎంతమంది టీచర్లున్నారు అనేదానితో. ఎక్కువమంది ఉన్న బడిలో ఏడిపింపులు తక్కువ. అలాగే ఏడిపింపు కళ్ళబడినప్పుడు టీచర్లు ఎలా తీసుకుంటారు అనేదానితో. ఇంటి వైపు నుంచి చూస్తే, చిన్నప్పుడు ప్రేమగా దగ్గరకి తీసుకోకపోవడం, పిల్లాడు ఎవర్ని కొట్టినా చూసీచూడనట్టు వదిలెయ్యడం, మాట వినిపించడానికి చెయ్యిచేసుకోవడం, ఈ మూడూ ఏడిపించేవాడు తయారవడానికి దోహదం చేస్తాయని తేల్చారు. డబ్బున్న ఇల్లా లేని ఇల్లా అనేదానితో సంబంధం లేదు.

నాలుగో పాయింటు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. "నల్లోడా", "బండోడా", "నత్తోడా" అని పేర్లు పెట్టడం మనందరికీ తెలుసు. అమెరికాలో మనవాళ్ళ పిల్లలకి లంచ్ బాక్స్ వాసన దగ్గర ఇదే ఎదురవుతుంది. హైనెమన్ కొడుకు విషయంలో రంగు అడ్డం రాలేదని ఎవరూ అనలేరు. నాకర్థమైనంతలో ఆ రంగు, ఆ అద్దాలు, ఆ నత్తి ఒక చిలక్కొయ్య లాంటివి. చిలక్కొయ్య ప్రతి పిల్లాడికీ ఏదో ఒకటి ఉంటుంది. దానికి ఏదైనా తగిలించొచ్చా లేదా అన్నది ఆ క్లాసు నిర్ణయిస్తుంది. కళ్ళద్దాలు తీసేసి కాంటాక్ట్ లెన్సులు పెడితే సమస్య పోదు, ఇంకో పేరు పెడతారు.

ఏం చేస్తే తగ్గింది?

బెర్గెన్‌లో 42 బళ్ళు, 2,500 మంది పిల్లలతో 1983 నుంచి 1985 దాకా చేసి చూశారు. చేసినవి వింటే ఇంతేనా అనిపిస్తుంది. ముందు ప్రశ్నాపత్రంతో తమ బడి లెక్క తాము తెలుసుకోవడం. దాని మీద టీచర్లు, తల్లిదండ్రులు కూర్చుని ఒకరోజు మాట్లాడుకోవడం. ఇంటర్వెల్లో, భోజనాల వేళ పెద్దవాళ్ళు బయట తిరగడం. క్లాసులో పిల్లలతో కలిసి రెండు మూడు సూత్రాలు రాసుకోవడం: ఎవర్నీ ఏడిపించం, ఏడిపిస్తుంటే సాయం చేస్తాం, ఒంటరిగా ఉన్నవాణ్ణి ఆటలో కలుపుకుంటాం. వారం వారం క్లాసు మీటింగు. ఏదైనా జరిగితే ఏడిపించినవాడితో, పడ్డవాడితో, ఇద్దరి ఇళ్ళవాళ్ళతో విడివిడిగా గట్టి సంభాషణ. ఇంతే. కొత్త బిల్డింగులు లేవు, కెమెరాలు లేవు. ఇరవై నెలలు గడిచాక చూస్తే ఏడిపింపులు చాలా కొలతల్లో సగానికి సగం తగ్గాయి.

అయితే ఇక్కడే ఇంకో కథ కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. అదే నార్వేలో రోగలాండ్ ప్రాంతంలో అదే ప్రభుత్వ సామగ్రి వెళ్ళింది. మూడేళ్ళ తర్వాత ఎర్లింగ్ రోలాండ్ అనే పరిశోధకుడు చూస్తే తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది కూడా. పుస్తకాలు, క్యాసెట్లు బళ్ళకి చేరాయి గానీ బెర్గెన్‌లో లాగా పక్కనుండి నడిపించినవాళ్ళు లేరు. శ్రద్ధ పెట్టి చేసిన బళ్ళలో మాత్రం ఫలితం మెరుగ్గా ఉంది. ప్రాసెస్ డాక్యుమెంటు ఉండటానికీ ప్రాసెస్ ఉండటానికీ తేడా మన ఫీల్డులో వాళ్ళకి వేరే చెప్పాలా? ఆడిట్‌కి ముందురోజు నింపిన చెక్‌లిస్టులు మనమెన్ని చూళ్ళేదు!

చూసేవాళ్ళ లెక్క

ఓల్వేయుస్ దృష్టి ఎక్కువగా ఏడిపించేవాడి మీద, పడేవాడి మీద ఉండేది. "గుంపు" అనే మాట ఆయనకి నచ్చలేదు. నిజంగా చేసేది ఇద్దరు ముగ్గురే అనేవారు. మరి మిగతా నలభైమంది సంగతి? ఈ ప్రశ్న జపాన్‌లో గట్టిగా వచ్చింది.

అక్కడ దీన్ని 'ఇజిమే' అంటారు. 1986లో టోక్యో బడిలో చదివే 13 ఏళ్ళ పిల్లాడు ఆత్మహత్య చేసుకున్నాడు. అంతకు కొన్ని నెలల ముందు క్లాసులో వాడు చచ్చిపోయినట్టు ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపారు. వీడ్కోలు కార్డు మీద తోటిపిల్లలు సంతకాలు చేశారు. ఆ కార్డు మీద నలుగురు టీచర్లు కూడా సంతకాలు పెట్టారు, అందులో ఒకాయన వాళ్ళ క్లాస్ టీచరు. వాళ్ళ దృష్టిలో అది సరదా! మొదట్లో 'ఏడిపించడం' అనే మాట గురించి నేనెందుకంత గోల చేశానో ఇప్పుడు అర్థమయ్యుంటుంది.

అదే ఏడాది యోజి మోరిత అనే సామాజిక శాస్త్రవేత్త సహరచయితతో కలిసి ఇజిమేని తరగతి గదికి వచ్చిన జబ్బుగా వివరిస్తూ పుస్తకం తెచ్చారు. ఆయన లెక్కలో క్లాసులో నాలుగు వలయాలుంటాయి: పడేవాడు, ఏడిపించేవాళ్ళు, చుట్టూ చేరి నవ్వేవాళ్ళు, చూసీ చూడనట్టు తలొంచుకునేవాళ్ళు. ఏడిపింపు ఎంత ముదురుతుంది అనేది ఏడిపించేవాళ్ళ సంఖ్య కన్నా ఈ నాలుగో వలయం సంఖ్య మీద ఎక్కువ ఆధారపడిందని ఆయన తేల్చారు. పైగా జపాన్ బడి ఏర్పాటు కూడా దీనికి తోడయింది. ఏడాది పొడుగునా అదే గది, అదే పిల్లలు. పాఠాలు అక్కడే, భోజనం అక్కడే, ఊడ్చేదీ వాళ్ళే. యూరప్‌లో పై క్లాసువాడు గ్రౌండులో ఏడిపిస్తే క్లాసులోకి పారిపోవచ్చు. ఇక్కడ ఏడిపించేది పక్క బెంచీవాడు, ఎక్కడికని పారిపోతాడు?

ఉదయం స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఒకే సెక్షన్, అదే హాస్టల్ గది, అదే మెస్ లైను ఉండే మన రెసిడెన్షియల్ క్యాంపసులు తలుచుకోండి. ఏ కాలేజీ అని పేరు పెట్టి చెప్పక్కర్లేదు, ఆ నమూనా మనకి బాగా పరిచయమే. ఇప్పుడు ఇంటికొచ్చినా వదలకుండా క్లాసు వాట్సాప్ గ్రూపు ఒకటి తోడయింది.

కెనడాలో పరిశోధకులు టొరంటో బళ్ళ గ్రౌండుల్లో కెమెరాలు పెట్టి రికార్డు చేసి చూశారు. 1999లో వేసిన లెక్క ఇది: ఏడిపింపు జరుగుతున్నప్పుడు చుట్టూ ఉన్న పిల్లలు 54 శాతం సమయం ఊరికే నిలబడి చూశారు, 21 శాతం ఏడిపించేవాడితో చేతులు కలిపారు, 25 శాతం పడేవాడి పక్షాన నిలబడ్డారు. 2001లో ఇంకో లెక్క: ఎవరైనా తోటిపిల్లాడు అడ్డం వచ్చినప్పుడు 57 శాతం సందర్భాల్లో ఏడిపింపు 10 సెకన్లలో ఆగిపోయింది. పది సెకన్లు! ఏ హెల్ప్‌లైనూ అంత తొందరగా ఫోన్ కూడా ఎత్తదు.

ఫిన్లాండ్ వాళ్ళు ఈ ముక్కనే పట్టుకున్నారు. తుర్కు విశ్వవిద్యాలయంలో క్రిస్టీనా సాల్మివల్లి బృందం తయారుచేసిన 'కివా' కార్యక్రమం 2007-2009లో ప్రయోగాత్మకంగా నడిచి, 2009 నుంచి దేశమంతా విస్తరించింది. అందులో పాఠాలు ముఖ్యంగా చూసేవాళ్ళ కోసం. ఏడిపించేవాడికి కావాల్సింది ప్రేక్షకులు, ఆ ప్రేక్షకులు నవ్వడం మానేస్తే వాడికి షో నడవదు అని. అద్భుతాలేం జరగలేదు గానీ, కొలిస్తే కనపడేంత తగ్గింది.

మన దగ్గర

మనకి చట్టాలకేం కొదవ లేదు. ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. సుప్రీంకోర్టు వేసిన రాఘవన్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది, 2009లో యూజీసీ నిబంధనలొచ్చాయి. అదే ఏడాది వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా హింసించడాన్ని నిషేధించింది. ఇవన్నీ కావాల్సినవే. కానీ ర్యాగింగ్ గురించి మనం ఆలోచించే తీరంతా కాలేజీ గేటు దగ్గర మొదలవుతుంది. ఏడేళ్ళ వయసు నుంచి పదేళ్ళపాటు బడిలో ప్రాక్టీసు చేసి వచ్చినవాడికి పద్ధెనిమిదో ఏట అఫిడవిట్ మీద సంతకం పెట్టిస్తే ఏం లాభం?

ఏడిపించేవాడి గురించి కూడా ఒక మాట. "ఏం కాదు, పెద్దయితే వాడే మారతాడు" అంటాం. ఓల్వేయుస్ లెక్కలో ఆరు నుంచి తొమ్మిదో తరగతిలో ఏడిపించేవాళ్ళుగా గుర్తించిన మగపిల్లల్లో 60 శాతం మందికి 24 ఏళ్ళు వచ్చేసరికి కనీసం ఒక్కసారైనా కోర్టులో శిక్ష పడింది. అంటే ఆపకపోవడం పడేవాడికే కాదు, ఏడిపించేవాడికీ అన్యాయమే.

మనలో చాలామంది బడి ఎంచుకునేటప్పుడు ఐఐటీ ఫౌండేషన్ ఉందా, ఏసీ బస్సు ఉందా, టీచరుకి ఎంతమంది పిల్లలు అని అడుగుతాం. ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు ఇంకో మూడు ప్రశ్నలు అడిగి చూడండి. భోజనాల వేళ గ్రౌండులో, వరండాలో, బస్సులో ఉండే పెద్దవాళ్ళెవరు? ఏడిపిస్తున్నారని పిల్లాడొచ్చి చెబితే ఆ తర్వాత ఏం జరుగుతుంది, ఎవరు చేస్తారు? చూసిన పిల్లలు చెప్పుకోవడానికి దారేదైనా ఉందా? "మా బడిలో అలాంటివి లేవండీ" అని జవాబొస్తే కాస్త అనుమానించాలి. లెక్కపెట్టక ముందు నార్వే వాళ్ళూ అంతే అనుకునుంటారు.

ఇంట్లో మాత్రం, "నిన్నెవరైనా ఏడిపించారా?" అనే ప్రశ్నతో పాటు "ఇవాళ ఎవర్నైనా ఏడిపిస్తుంటే చూశావా? నువ్వేం చేశావు?" అని కూడా అడగండి. మొదటి ప్రశ్నకి చాలామంది పిల్లలు సిగ్గుతో లేదనే చెబుతారు. రెండోదానికి జవాబు చెబుతారు.